అరవై ఒక్క పళ్ళు

మా సార్ నవ్వితే నాకు వాంతి వస్తుంది. మాట మోటుగా ఉందంటారా, ఉండనివ్వండి. ఇరవై రెండేళ్ళుగా ఆ నవ్వు చూస్తున్నాను. ఇదివరకు ఏమీ అయ్యేది కాదు, పైగా నేనూ ఎదురు నవ్వేదాన్ని. ఇప్పుడు మాత్రం ఆ పై పళ్ళు కనబడితే చాలు, మొహం పక్కకి తిప్పేసుకుంటాను. ఆ పళ్ళు ఎవరు చేశారో, ఎప్పుడు చేశారో నాకు తెలుసు.

మాది పళ్ళ ల్యాబు. పళ్ళ డాక్టర్లు రోగి నోట్లో అచ్చు తీసి మాకు పంపిస్తారు. ఆ అచ్చులో నేను ప్లాస్టరు కలిపి పోస్తాను. గట్టిపడ్డాక ఊడదీస్తే ఆ మనిషి పళ్ళ వరస తెల్లటి బొమ్మై చేతిలోకి వస్తుంది. దాని మీద పెట్టి చూసుకుంటూ మిగతా వాళ్ళు క్యాపులు, కట్టుడు పళ్ళు తయారు చేస్తారు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా పొడిలో మునిగి ఉంటాను కాబట్టి నా కనుబొమలు, చెప్పులు, చీర కుచ్చిళ్ళు అన్నీ ఒకటే రంగు. అందుకని ల్యాబులో అందరికీ నేను సుద్దక్కని. మా ఆయన కూడా ఒకసారి ఫోనులో అలాగే పిలిచి నాలుక కరుచుకున్నాడు.

నేను చెప్పబోయేది డేగ గురించి. ఆ పేరు పెట్టింది నేనే. పంతొమ్మిదేళ్ళప్పుడు ప్లాస్టరు గిన్నెలు కడగడానికి నా దగ్గర చేరింది. సన్నగా, పొట్టిగా, ఎవరైనా గట్టిగా తుమ్మితే పడిపోతుందేమో అన్నట్టుండేది. కళ్ళు మాత్రం మామూలు కళ్ళు కావు. చేరిన ఏడాదే ఒక సంగతి జరిగింది. ఒక రిటైరైన పంతులమ్మగారి ముందుపన్ను మూడుసార్లు తిరిగొచ్చింది. "నోట్లో బల్బు పెట్టుకున్నట్టుంది" అని ఆవిడ గొడవ. అప్పట్లో రంగులు వేసే పెద్దాయన విసుగెత్తి ఆ పన్నును బల్ల మీద గిరాటేశాడు. గిన్నెలు కడుగుతున్న ఈ పిల్ల చేతులు పావడాకి తుడుచుకుని వచ్చి, దాన్ని కిటికీ దగ్గర పట్టుకుని చూసింది.

"ఆవిడకి అరవై దాటాయి, ఈ పంటికి పదహారే. అందుకే ఒప్పట్లేదు" అంది.

"ఆహా, మహా చెప్పొచ్చావ్. అయితే నువ్వే చెయ్యి" అన్నాడు పెద్దాయన.

చేసింది. చిగురు దగ్గర కాస్త గోధుమరంగు, అంచున కంటికి ఆనీ ఆనని బూడిద ఛాయ, మధ్యలో వెంట్రుక మందాన ఒక పగులు. వారం తర్వాత పంతులమ్మగారు స్వయంగా ల్యాబుకి వచ్చి, అద్దంలో చూసుకుంటూ, "ఇంతకీ ఇందులో మీరు పెట్టింది ఏదర్రా?" అని అడిగారు. ఆ రోజు నుంచి గిన్నెలు కడగడానికి వేరే మనిషిని పెట్టుకోవాల్సి వచ్చింది. డేగ రంగుల బల్ల దగ్గరికి వెళ్ళిపోయింది.

తెల్ల పన్ను అనేది లోకంలో లేదని నాకు నేర్పింది ఆ పిల్లే. పసుపు, బూడిద, నీలి, గోధుమ, ఇవన్నీ కలిస్తేనే పన్ను అవుతుందట. ట్యూబులైటు కింద కలిసిన రంగు ఎండలో కలవదట. అందుకని ఏ పన్నైనా ఉత్తరపు కిటికీ దగ్గర, పొద్దుటి వెలుతురులో చూడందే ఒప్పుకునేది కాదు. మనుషుల్ని కూడా అలాగే చూసేది. పెళ్ళికి ముందు తన ఆయన్ని మొదటిసారి చూసొచ్చి, "ముందుపళ్ళు రెండూ ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉన్నాయక్కా. ఎవరూ ముట్టుకున్నవి కావు. దాపరికం లేని మనిషి" అంది. పగలబడి నవ్వాం. ఆయన లిఫ్టులు బాగుచేస్తాడు. వాళ్ళుండేది మూడో అంతస్తులో, ఆ ఇంటికి లిఫ్టు లేదు. దానికీ నవ్వాం.

మా పనిలో ఒక అలవాటుంది. ఎవరు ఏ పని చేసినా ప్లాస్టరు బొమ్మ అడుగున పెన్సిలుతో తమ గుర్తు పెట్టి తేదీ వేస్తారు. రేపు పన్ను తిరిగొస్తే ఎవర్ని తిట్టాలో తెలియాలి కదా. నాది చిన్న సున్నా. డేగది ఒక వంపు గీత, కింద చుక్క, అంటే కన్ను. ఆ బొమ్మల్ని ఏడాదిపాటు నా గదిలో అరల మీద దాస్తాం. అడుగున ఏముందో మేం తప్ప ఎవరూ తిరగేసి చూడరు.

ఇక మా సార్. నవ్వుల సార్ అంటాం, ఆయన వినకుండా. ఆయన పై వరసలో ముందుపళ్ళు నాలుగూ డేగ చేసినవే. ఏ డాక్టరొచ్చినా ముందు తను నవ్వి చూపిస్తాడు, తర్వాతే రేట్లు మాట్లాడతాడు. ప్రతి ఏడాది చివర బోనసు ఇస్తాడు. జీతం కాగితంలో బోనసు గురించి ఒకే ఒక్క ముక్క ఉంటుంది, 'యాజమాన్యం ఇష్టప్రకారం' అని. "ఇది హక్కు కాదర్రా, నా మనసు" అంటాడు గుండె మీద చెయ్యేసుకుని. ఆ మనసు ఎవరి మీద ఎంత పారిందో కవరు పట్టుకుంటే తెలిసేది. పదేళ్ళు వరసగా డేగ కవరే లావు. దానికి ఎవరూ కుళ్ళుకోలేదు. ఆ పిల్ల లేకపోతే మా ల్యాబుకి వచ్చేది సగం పనే.

డేగ కడుపుతో ఉన్నప్పుడు తొమ్మిదో నెల పడేదాకా బల్ల వదల్లేదు. పొట్ట సొరుగుకి తగులుతోందని పక్కకి తిరిగి కూర్చుని పళ్ళకి రంగులేసేది. మా ల్యాబులో నాలుగు నెలలు జీతంతో ప్రసవం సెలవు. వెళ్ళేరోజు సార్ అందర్నీ పిలిచి మరీ, "ఇక పని సంగతి మర్చిపోవాలి. తెలిసిందా అమ్మా? నాకు నీ ఆరోగ్యం ముఖ్యం" అన్నాడు. మేమంతా చప్పట్లు కొట్టాం. ఆడపిల్ల పుట్టింది. నోరంతా చిగుళ్ళే కదా, దానికి పాలపన్ను అని పేరు పెట్టుకుని అలాగే పిలుచుకునేది.

పాలపన్నుకి పంతొమ్మిదో రోజు. సాయంత్రం నేను చేతులు కడుక్కుంటుంటే సార్ వచ్చాడు.

"సుద్దక్కా, నువ్వు డేగ వాళ్ళ వీధి మీదుగానే వెళ్తావు కదూ?"

"అవును సార్."

"ఈ ఒక్క పన్నూ చూపించు. చూసి రంగు చెబితే చాలు. పని చెయ్యొద్దను. ఉత్తినే చూడమను."

ఉత్తినే చూడటం ఒక వారం సాగింది. తర్వాత రెండేసి పళ్ళు. తర్వాత నా సంచిలో రంగు డబ్బీలు, కుంచెలు కూడా చేరాయి. నేను సాయంత్రం ఆ పళ్ళ బొమ్మల డబ్బాలు ఇచ్చి వెళ్ళేదాన్ని, పొద్దున పనికొస్తూ తీసుకొచ్చేదాన్ని. రంగు పట్టడానికి పన్నుని కొలిమిలో కాల్చడం మాత్రం ల్యాబులో. ఎంత వేడిలో ఎంతసేపు కాల్చాలో డేగ చీటీ రాసి పెట్టేది. పొద్దున నేను వెళ్ళేసరికి ఉత్తరపు కిటికీ దగ్గర బాసింపట్టు వేసుకుని కూర్చుని ఉండేది. జుట్టు దువ్వుకుని ఉండేది కాదు. ఒళ్ళో పిల్ల పాలు తాగుతుంటే, ఆ పిల్ల తల మీదుగా చెయ్యి చాపి పంటికి రంగు అద్దేది. పిల్ల కదిలితే కుంచె ఎత్తి ఊపిరి బిగబట్టి ఆగేది. ఒకసారి సార్ ఫోను చేస్తే రెండు చేతులూ ఖాళీ లేక నన్ను స్పీకరు నొక్కమంది.

"ఇదంతా నా మనసులో పెట్టుకుంటానమ్మా. ఏడాది చివర నేను చూసుకోనూ? నా చెయ్యేమన్నా చిన్నదా?" అన్నాడు.

"సరే సార్" అంది డేగ. ఫోను పెట్టేశాక గోడ మీది క్యాలెండరులో ఇంకో గీత గీసింది. పన్నుకో గీత. సెలవు అయిపోయేనాటికి అరవై ఒక్క గీతలు.

ఆ గీతల్లో రెండు సార్ సొంత పంటివి. పిల్లకి ఇరవయ్యారో రోజున ఏదో గట్టిది కొరికి ముందుపన్ను విరగ్గొట్టుకున్నాడు. నవ్వలేని సార్‌ని ఊహించండి! మూతికి చేతిరుమాలు అడ్డం పెట్టుకుని ల్యాబంతా తిరిగాడు. నా చేతికి బొమ్మ ఇచ్చి, రెండు చెయ్యమన్నాడు, ఒకటి నోటికి, ఒకటి ముందుగదిలో అద్దాల బీరువాకి. ఆ బీరువాలో మఖ్మల్ గుడ్డ మీద తన పళ్ళ బొమ్మ పెట్టుకుంటాడు, వచ్చే డాక్టర్లు చూడాలని. డేగ రెండూ చేసి పంపింది. రెండో పంటితో సహా ఆ కొత్త బొమ్మే బీరువాలోకి ఎక్కింది.

ఇప్పుడు నా సంగతి చెప్పాలి. దాటేసి పోవాలనే ఉంది కానీ, చెప్పకపోతే నేనూ ఆ సార్ జాతిదాన్నే అవుతాను.

నా కొడుకు పుట్టినప్పుడు నాకు సెలవూ లేదు, జీతమూ లేదు. నెల తిరక్కముందే వచ్చి ప్లాస్టరు కలిపాను. పాలు ఆగక జాకెట్టు తడిసిపోతే, తడిసిన చోట పొడి పడి అట్ట కట్టేది. సాయంత్రం ఇంటికెళ్ళి ఆ జాకెట్టు విప్పుతుంటే చర్మం లేచొచ్చేది. ఇరవయ్యేళ్ళ కిందటి మాట. మర్చిపోయాననే అనుకున్నాను. కానీ రెండు చేతులా డబ్బాలు పట్టుకుని మూడంతస్తులు ఎక్కి, ఆ పిల్ల ఇంట్లో కూర్చుని ఒళ్ళో బిడ్డతో ఉండటం చూసినప్పుడల్లా నాకు ఎక్కడో మండేది. అసూయే. ఇంకో పేరు పెట్టను.

డేగ తిరిగి పనిలో చేరాక, ఏడాది చివరికి రెండు నెలలుందనగా, సార్ టీ కప్పుతో నా గదిలోకి వచ్చాడు. ఎప్పుడూ రాడు, పొడి అంటుకుంటుందని. బల్లకి ఆనకుండా నిలబడ్డాడు.

"నువ్వు ఇక్కడ అందరికంటే పెద్దదానివి సుద్దక్కా. నిజం చెప్పు. ఈ ఏడాది ఒళ్ళొంచి పనిచేసింది ఎవరు?"

"నేను కాక ఇంకెవరు సార్?" అన్నాను నవ్వుతూ.

"మరి మన డేగో?"

"ఆవిడకేం సార్! నాలుగు నెలలు హాయిగా ఇంట్లో పడుకుని వచ్చింది" అన్నాను.

అలా అన్న నోరు ఇదే. అంతకు ముందు నాలుగు నెలలు ఆ డబ్బాలు మోసిన చేతులు ఇవే. సార్ పళ్ళన్నీ బయటపెట్టి నవ్వాడు. నేనూ నవ్వాను. టీ చల్లారిపోతోందంటూ వెళ్ళిపోయాడు. ఆ తర్వాత నెల తిరిగేసరికి, "అరలు నిండిపోయాయి కదా, ఆ నాలుగు నెలల బొమ్మలు తీసి పగలగొట్టెయ్. మిగతావి ఉండనీ" అని కబురు చేశాడు. చోటు దొరుకుతుందని సంబరపడి రెండు రోజులు కూర్చుని సుత్తితో నుగ్గు చేశాను. ఆ నాలుగు నెలలవే ఎందుకని ఒక్క క్షణం కూడా అనుకోలేదు. నా బుర్రలో ఉన్నదీ ప్లాస్టరే కాబోలు.

ఈలోగా డేగకి ఒక ఇబ్బంది వచ్చింది. పిల్లని చూసుకుంటున్న వాళ్ళాయన మేనత్త ఏడాది చివర తన కూతురి దగ్గరికి వెళ్ళిపోతానంది. మా ల్యాబు వెనక సందులో పసిపిల్లల్ని చూసే ఇల్లు ఒకటుంది, ఒక టీచరమ్మ నడుపుతుంది. అక్కడైతే మధ్యాహ్నం భోజనం వేళ డేగ పరిగెత్తుకెళ్ళి పాలిచ్చి రావచ్చు. ఒకే ఒక్క ఖాళీ ఉంది. ఆరు నెలల డబ్బు ముందే కట్టాలి. శనివారం పొద్దున దాకా ఆగుతానని టీచరమ్మ మాటిచ్చింది. కట్టలేకపోతే పాలపన్నుని డేగ వాళ్ళమ్మ దగ్గరికి పంపెయ్యాలి. అక్కడికి బస్సులో అయిదు గంటలు. వారానికొకసారి చూడ్డం కూడా అనుమానమే.

"బోనసు రాగానే కట్టేస్తానక్కా. సార్ మాటిచ్చాడుగా" అంది నాతో.

బుధవారం కవర్లు పంచారు. నా కవరు ఎప్పటికంటే లావుగా ఉంది. బాత్రూములోకి వెళ్ళి చూసుకున్నాను. నిరుటి కంటే చాలా ఎక్కువ. ఎందుకు ఎక్కువని అడగలేదు, పైట కొంగున ముడేసుకుని బయటికొచ్చాను. డేగ తన బల్ల దగ్గర నిలబడి ఉంది. ఆమె కవరులో నోట్లు లేవు, ఒక కాగితం ముక్క ఉంది. 'పూర్తి సంవత్సరం హాజరు లేనందున మీ పేరు ఈసారి పరిశీలించబడలేదు.' దాని కింద సార్ సంతకం, సంతకం పక్కన నవ్వుతున్న మొహం బొమ్మ కూడా గీశాడు. థూ!

"ఎనిమిది నెలలు ఈ బల్ల దగ్గరే ఉన్నాను కదక్కా. దానిక్కూడా లేదా?" అంది.

గురువారం మధ్యాహ్నం సార్ గదిలోకి వెళ్ళింది. కాసేపటికి నన్ను కూడా రమ్మన్నారు. వెళ్ళేసరికి సార్ కుర్చీలో వెనక్కి వాలి ఉన్నాడు. ఎదురుగా లెక్కలాయన ఫైలు పట్టుకుని నిలబడ్డాడు.

"కోపం తెచ్చుకోకమ్మా, నేను నీ అన్నలాంటివాడిని" అంటున్నాడు సార్. "సెలవులో ఉన్నావు. సెలవు జీతం పైసా తగ్గించకుండా ఇచ్చాను. బోనసంటే పనిచేసినవాళ్ళకి కదా?"

"అరవై ఒక్క పళ్ళు చేశాను సార్."

"ఎవరు చెయ్యమన్నారు? కాగితమేమైనా ఉందా?"

"మీరే ఫోను చేశారు."

"అయ్యో, పిల్ల ఎలా ఉందో కనుక్కుందామని చేసేవాణ్ణమ్మా! సరే, చేశావనే అనుకుందాం. సెలవులో పనిచేస్తే అది సెలవెలా అవుతుంది? అప్పుడు నీకిచ్చిన నాలుగు నెలల సెలవు జీతం తిరిగి తీసుకోవాలి. రూలు అది. నేను అలాంటి పని చేస్తానా? చెయ్యను. నాకు మనసుంది."

తేనె కారుతోంది ఆ గొంతులో.

"సుద్దక్కని అడగండి సార్. తనే తెచ్చేది, తనే తీసుకెళ్ళేది" అంది డేగ, నావైపు తిరిగి.

సార్ నవ్వి లెక్కలాయనకి సైగ చేశాడు. ఆయన ఫైలు తెరిచి, గొంతు సవరించుకుని చదివాడు. "సీనియర్ ఉద్యోగి అభిప్రాయం. ప్లాస్టరు విభాగం. 'నాలుగు నెలలు హాయిగా ఇంట్లో పడుకుని వచ్చింది.'"

డేగ నన్ను చూసింది. పన్నుని చూసినట్టే చూసింది, తొందర లేకుండా.

"అన్నావు కదూ సుద్దక్కా?" అన్నాడు సార్. "లేదా డబ్బాలు మోశానంటావా? గేటు చీటీ లేకుండా కంపెనీ సరుకు బయటికి తీసుకెళ్ళడాన్ని ఏమంటారో తెలుసుగా. చెప్పు మరి."

నా కవరు ఇంకా కొంగునే ఉంది. నా నోటికి ఎవరూ తాళం వెయ్యలేదు, నేనే వేసుకున్నాను. తలకాయ దించుకుని నేల చూస్తూ నిలబడ్డాను. డేగ లేచి వెళ్ళి తన బల్ల దగ్గర కూర్చుని, సగంలో వదిలేసిన పన్నుకి రంగు వెయ్యడం మొదలెట్టింది.

ఇంటికెళ్ళాక నాకు అన్నం సహించలేదు. నా మీద నాకే రోత పుట్టింది. ఒంటి మీద ఏదో పాకుతున్నట్టుంటే రెండుసార్లు నీళ్ళు పోసుకున్నాను. అరల మీది బొమ్మల్లో ఒక్కటి మిగిలినా చాలు, అడుగున గుర్తూ తేదీ ఉంటాయి కదా అనుకున్నాను. అన్నీ నేనే నుగ్గు చేశాను. అప్పుడు గుర్తొచ్చింది, అద్దాల బీరువాలో సార్ సొంత పళ్ళ బొమ్మ. మా నాలుగు నెలల పనంతా మాయం చేయించిన మనిషి, తన పళ్ళని మాత్రం పగలగొట్టించలేదు. దాని అడుగు ఎప్పుడూ తిరగేసి కూడా ఉండడు.

శుక్రవారం ఇద్దరు డాక్టర్లొచ్చారు, ఒక పెద్దాయన, ఒక డాక్టరమ్మ. సార్ ముందుగదిలో కూర్చోబెట్టి పళ్ళికిలిస్తూ, "చూడండి, ఇందులో ఏది కట్టుడుదో చెప్పండి చూద్దాం" అని మొదలెట్టాడు. నేను ప్లాస్టరు చేతులతోనే వెళ్ళి బీరువా తెరిచి ఆ బొమ్మ తీశాను. మఖ్మల్ గుడ్డ మీద తెల్లటి వేళ్ళ అచ్చులు పడ్డాయి.

"ఏంటిది సుద్దక్కా, చేతులు చూసుకో" అన్నాడు సార్.

"ఈ పన్ను మా డేగ చేసింది డాక్టరమ్మగారూ" అన్నాను. బొమ్మ తిరగేసి చూపించాను. వంపు గీత, చుక్క, తేదీ. "ఇదిగో తేదీ. ఆ రోజుకి ఆవిడ బిడ్డకి ఇరవయ్యారు రోజులు. ప్రసవం సెలవులో ఉంది. ఇలాంటివి అరవై ఒకటి చేయించుకుని, ఇప్పుడు పనే చెయ్యలేదని బోనసు ఎగ్గొట్టాడు ఈయన. డబ్బాలు మోసింది నేను. పడుకుందని అబద్ధం చెప్పిందీ నేనే."

డేగ, మిగతావాళ్ళు తలుపు దాకా వచ్చారు. సార్ మొహంలో రంగు మారింది కానీ నవ్వు మాత్రం చెదరలేదు. ఆ నవ్వు గొప్పతనం డేగదే, ఎక్కడా పగులు కనబడదు.

"మా ఇంటి ఆడపిల్లలు డాక్టరుగారూ, చనువెక్కువ" అన్నాడు. "అదంతా ఆప్యాయతతో చేసిన పని. ఏమ్మా డేగా, వచ్చే ఏడాది నీ సంగతి నేను స్వయంగా చూస్తాను, సరేనా?"

డాక్టరమ్మ బొమ్మ తీసుకుని ఆ పన్నుని కిటికీ దగ్గర అటూ ఇటూ తిప్పి చూసింది. నాకు ఆశ పుట్టింది. ఆడమనిషి కదా, అడుగుతుందనుకున్నాను.

"అద్భుతంగా ఉంది" అంది ఆవిడ. "ఆ నాలుగు నెలలూ నా కేసులు ఒకటి రెండు రోజులు ఆలస్యమయ్యాయి, కారణం ఇదన్నమాట. ఈమె ఇప్పుడు తిరిగొచ్చేసింది కదా? ఇక ఆలస్యం ఉండదుగా?"

"ఉండదు, ఉండదు" అన్నాడు సార్.

పెద్దాయన గడియారం చూసుకున్నాడు. రేట్లు మాట్లాడుకున్నారు. నాకు నిజంగానే డోకొచ్చింది, పెరట్లోకి పరిగెత్తాను. తిరిగొచ్చేసరికి బొమ్మ మళ్ళీ బీరువాలో ఉంది. అడుగున పెన్సిలు గీత ఎవరో తడిగుడ్డతో తుడిచేశారు.

సాయంత్రం ఇంటికి పోకుండా డేగ వాళ్ళ మూడంతస్తులూ ఎక్కాను. ఈసారి చేతుల్లో డబ్బాలు లేవు. తలుపు తీసి ఉంది. మంచం మీద చిన్న చిన్న బట్టలు మడిచి సంచిలో సర్దుతోంది. వాళ్ళాయన బస్సు టికెట్టు కోసం వెళ్ళాడట. పాలపన్ను నేల మీద బోర్లాపడి క్యాలెండరు కాగితం నోట్లో పెట్టుకుంటోంది.

"ఆ మాట నిజంగా నువ్వే అన్నావా అక్కా?" అంది తలెత్తకుండా.

"అన్నాను."

"ఎందుకన్నావు?"

"నాకప్పుడు ఎవరూ ఏమీ ఇవ్వలేదని" అన్నాను. "నువ్వు హాయిగా ఉన్నావనిపించి ఏడ్చాను. అంతే. ఇంకేం లేదు."

కొంగు ముడి విప్పి కవరు ఆమె ముందు పెట్టాను. "ఇది తీసుకెళ్ళి రేపు పొద్దున టీచరమ్మకి కట్టెయ్. అంతా తీసుకో. నువ్వు కాదన్నా నేను వినను" అన్నాను. చెబుతుంటే నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎంత మంచిదాన్నో అని నాకే ముచ్చటేసింది. ఇప్పుడు తలుచుకుంటే ఛీ అనిపిస్తుంది.

డేగ కవరు తీసుకుంది. కిటికీ దగ్గరికి నడిచింది. అక్కడింకా కాస్త వెలుతురుంది.

"నిరుడు నీకెంతిచ్చాడు?" అని అడిగింది.

చెప్పాను.

నోట్లు రెండు కట్టలుగా విడదీసింది. ఒకటి కవరులో పెట్టి నా చేతికిచ్చింది. సరిగ్గా నిరుడు వచ్చినంతే. రెండోది తన దగ్గర ఉంచుకుంది. టీచరమ్మకి కట్టాల్సిన ఆరు నెలల డబ్బుకి అది చాలదు, నాలుగు నెలలకే వస్తుంది. మిగతాది ఎలాగో అప్పు తెస్తానంది.

"అదేంటే, మొత్తం నీకే ఇస్తుంటే?" అన్నాను.

"ఇది నాదే కదక్కా" అంది డేగ, చేతిలోని కట్టని చూపిస్తూ. "నాది తీసుకున్నాను. నీది నీకిచ్చాను."

సంచి తీసుకుని మంచం మీద బోర్లించింది. మడిచిన చిన్న చిన్న బట్టల్ని ఒక్కొక్కటే తీసి మళ్ళీ అరలో పెట్టడం మొదలెట్టింది. నేను గుమ్మం దగ్గర అలాగే నిలబడి ఉన్నాను. ఎందుకు నిలబడ్డానో మెట్లు దిగుతుంటే గానీ నాకు అర్థం కాలేదు. థాంక్స్ చెబుతుందేమోనని చూస్తున్నాను.